లుండె వారి చుట్టరికం

వెనిస్
జూన్, 1974

ప్రియమైన తోరా అత్తకి, నీ మేనల్లుడు ఆర్విడ్ రాసేది ఏమంటే,

ఎడింబరోలో చదువు అయిపోయింది, వీపుకి సంచీ తగిలించుకుని నాలుగు ఊళ్లు చూసి ఇంటికి వస్తాను అన్నాను కదా. చూడడం మాట దేవుడెరుగు, ఇక్కడ నడుస్తున్నానో తేలుతున్నానో తెలియడం లేదు. పొద్దున కళ్లు తెరిచేసరికి హాస్టలు గది పైకప్పు మీద కాలవ నీళ్ల వెలుగు అల్లల్లాడుతూ ఉంటుంది. దాన్ని చూస్తూ పడుకుని నిన్న మధ్యాహ్నం భోజనం మర్చిపోయాను. నేను తిండి మర్చిపోయానంటే నువ్వు నమ్మవు.

అసలు సంగతి ఇది. హాస్టలు మెట్ల మీద ఒకమ్మాయి సంచీకి ఆనుకుని కూర్చుని పీచ్ పండు తింటోంది. సంచీ మీద నల్లటి అక్షరాలతో 'లుండె' అని మన ఇంటిపేరు ఉంది. చాలాసేపు నిలబడిపోయి, చివరికి "మనం చుట్టాలం" అన్నాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఈ మాట అనడానికి ఇంతసేపా" అంది. పేరు సున్నివ. నార్వే పిల్ల. నాలాగే ఊళ్లు తిరుగుతోంది. ఇక్కడి నుంచి ఇద్దరం వియన్నా వెళ్తాం, జవాబు అక్కడి పెద్ద పోస్టాఫీసుకి రాయి.

తాతయ్య నార్వేలో వదిలి వచ్చిన మనుషుల కోసం నువ్వు ఎన్ని ఉత్తరాలు రాశావో నాకు తెలుసు. లుండె వాళ్లలో నువ్వూ నేనూ ఇద్దరమే మిగిలామని నువ్వు దిగులు పడని క్రిస్మస్ లేదు. ఇక పడకు.

నీ
ఆర్విడ్

తా.క.: సగం పండు నాకు ఇచ్చింది. చుట్టం కాకపోతే ఇస్తుందా?


బెల్ క్రీక్, మిన్నెసోటా
(వియన్నా పెద్ద పోస్టాఫీసుకి)

చిరంజీవి ఆర్విడ్‌ని దీవించి అత్త రాసేది,

నీ ఉత్తరం పోస్టాఫీసులోనే చింపి చదివాను. చదివి అక్కడే బల్ల మీద కూలబడ్డాను. పోస్టుమాస్టరు మంచినీళ్లు తెచ్చి, "ఎవరైనా పోయారా?" అన్నాడు. "దొరికారు" అన్నాను.

నార్వే మాట ఎత్తితే చాలు, మా నాన్న కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు. ఎందుకని అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ లేకపోయింది. అక్కడ మనవాళ్లంటూ ఒక్కరున్నారని తెలిస్తే చాలనుకుంటూనే ఇంతదాన్ని అయ్యాను. ఆదివారం ప్రార్థన అయ్యాక లేచి నిలబడి అందరికీ చెప్పేశాను. చర్చి కింది హాల్లో కాఫీ దగ్గర ఆడవాళ్లంతా నా చుట్టూ మూగారు. ఓల్గా హాల్వర్సన్ "పరవాలేదే" అంది. ఆమె నోటి నుంచి ఇంతకన్నా పెద్ద మెప్పు ఊళ్లో ఎవరికీ దక్కలేదు.

ఆ పిల్ల ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో, ఫోను ఉందేమో కనుక్కుని రాయి. వేళకి తిండి పెట్టించు. సొంత చెల్లెల్లా చూసుకో.

ప్రేమతో
తోరా అత్త

తా.క.: చెవులు చూశావా? మన లుండె వాళ్ల చెవులు కాస్త ముందుకి వంగి ఉంటాయి. జుట్టు అడ్డం వస్తే ఎత్తి చూడు. చుట్టాల మధ్య తప్పేం లేదు.


వియన్నా

ప్రియమైన అత్తకి,

చెవులు చూశాను. మా అత్త చూడమంది అంటే నవ్వుతూ తనే జుట్టు ఎత్తింది. అవి మన చెవులు కావత్తా. చాలా బాగున్నాయి.

ఇక్కడ సాయంత్రాలు పార్కులో బ్యాండు వాయిస్తారు. ముసలి జంటలు చెట్ల కింద మెల్లగా, ఎక్కడికీ వెళ్లే తొందర లేనట్టు నాట్యం చేస్తారు. మేం బెంచీ మీద కూర్చుని వింటూ ఎక్కవలసిన రైలు వదిలేశాం. తర్వాతి రైలూ వదిలేశాం. వియన్నా ఎలా ఉందని రేపు నువ్వు అడిగితే ఏం చెప్పాలో తెలియదు. ఊరంతా కలలో చూసినట్టు చెదిరిపోయి ఉంది, ఆమె పచ్చ స్వెట్టరు మాత్రం నూలుపోగుతో సహా గుర్తుంది.

ఆమె నాయనమ్మ పేరు గూరో. ఫోను నంబరు కాగితం వెనక రాశాను. ఇక్కడి నుంచి కోపెన్‌హాగెన్, అటు నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తాం.

నీ
ఆర్విడ్

తా.క.: చుట్టరికం ఎంత దూరమైతే లెక్కలోకి రాదు? ఊరికే అడుగుతున్నాను. ఒక స్నేహితుడికి కావాలట.


బెల్ క్రీక్
(కోపెన్‌హాగెన్ పెద్ద పోస్టాఫీసుకి)

ఆర్విడ్‌కి,

నీ స్నేహితుడికి నా మాటగా చెప్పు. ఒకే ఇంటిపేరు గల పిల్ల చెల్లెలే అవుతుంది. రైల్లో ఆమె పక్కన కాదు, ఎదురు సీట్లో కూర్చోమను. బ్యాండు వినాలనిపిస్తే నిలబడి వినమను.

ఎవరో తెలియని వాళ్ల గొడవన్నట్టు పాస్టరుగారిని సలహా అడిగాను. అంతా విని ఆయన, "ఆర్విడ్ కులాసాయేనా?" అన్నాడు.

నాయనా, నీ మీద కోపం లేదు. కానీ జన్మకి నాకు దొరికిన ఒకే ఒక్క చుట్టం. రేపు మీకూ మీకూ చెడితే ఆ ఇంటి తలుపు నాకు మళ్లీ మూసుకుపోతుంది. అది నేను తట్టుకోలేను. గూరోకి ఫోను చెయ్యాలని రోజూ అనుకుంటున్నాను. ఏం మాట్లాడాలో అద్దం ముందు నిలబడి నేర్చుకుంటున్నాను.

తోరా అత్త

తా.క.: చర్చి ఆడవాళ్లు సున్నివ కోసం ఉన్ని మేజోళ్లు అల్లుతున్నారు. కొలత తెలియదు కాబట్టి తలా ఒక సైజు. ఓల్గా అల్లినవి గుర్రానికి సరిపోతాయి.


ఆమ్‌స్టర్‌డామ్

ప్రియమైన అత్తకి,

ఇక్కడ ఒకటే వాన. ఇళ్లన్నీ కాలవలో తలకిందులుగా వణుకుతున్నాయి. కిటికీ దగ్గర కూర్చుని ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టాను.

సున్నివ మనకి ఏమీ కాదు. కోపెన్‌హాగెన్‌లో నీ ఉత్తరం చదివి, ఇక మీదట ఎదురు సీట్లో కూర్చుంటానని ఆమెతో అన్నాను. "ఎందుకు?" అంది. చెప్పాను. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "మా దేశంలో పొలం పేరే ఇంటిపేరయ్యా. ఎవరు ఆ పొలంలోకి వస్తే వాళ్లకి ఆ పేరు. లుండె అనే పొలాలు ఏటి మలుపుకొకటి ఉంటాయి. నువ్వు మెట్ల మీద చుట్టాలం అంటే, అమ్మాయిలతో మాట కలపడానికి అమెరికావాళ్ల పద్ధతి అనుకున్నాను" అంది.

నేను గాల్లో తేలాను. తర్వాత నువ్వు గుర్తొచ్చావు. మా అత్తకి ఈ సంగతి తెలియకపోతే మంచిది, ఆవిడ ముందు చుట్టంలాగే ఉండు అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. "అయితే మీ ఇంట్లో నేను జన్మంతా నీకు చెల్లెల్ని" అని సంచీ తీసుకుని వాళ్ల ఊరి రైలు ఎక్కేసింది.

నాకు ఆమె కావాలత్తా. నీ సంతోషం పాడు చెయ్యడానికి మనసొప్పక ఆమెని పోగొట్టుకున్నాను. నెలాఖరుకి ఇంటికి వస్తాను. ఎదురుగా కూర్చోబెట్టి తిట్టు.

నీ
ఆర్విడ్

తా.క.: మేజోళ్లు ఆపమని ఓల్గాతో నువ్వు ఎలా చెప్తావో తలుచుకుంటే భయంగా ఉంది.


లుండె, నార్వే
(ఆమ్‌స్టర్‌డామ్ పెద్ద పోస్టాఫీసుకి)

చిరంజీవి ఆర్విడ్‌కి,

పైన ఊరి పేరు చూసి కంగారు పడకు. నేను బాగానే ఉన్నాను. నువ్వు ఇంటికి ఏమైనా రాసి ఉంటే అది తాళం వేసిన తలుపు వెనక పడి ఉంటుంది.

ఒక చేదు మాట చెప్పాలి, కూర్చుని చదువు. సున్నివ మనకి చుట్టం కాదు. గూరోకి ఫోను చేస్తే, "ఈ పొలం మా మామగారు కొన్నారమ్మా, దాని పేరు మాకు అంటుకుంది" అంది. నా ఏడుపు వినిపించిందేమో, "చుట్టాలం కాకపోతే కాఫీ తాగకూడదా ఏంటి, వచ్చెయ్" అంది. ఈ దేశం నుంచి నన్ను రమ్మన్న మొదటి మనిషి. వచ్చేశాను. చుట్టం దొరికిందని నువ్వు అంత పొంగిపోయావు కదా, నీకు ఎలా చెప్పాలా అని విమానంలో దారిపొడుగునా ఆలోచించాను.

ఇక్కడ పొద్దు ఒక పట్టాన కుంకదు. అవతల కొండ నీలంగా అయిపోయి నీళ్లలోకి దిగుతుంది. ఇద్దరం గుమ్మంలో కూర్చుని అది చూస్తూ ఉంటాం. మా నాన్న కిటికీలోంచి ఏం చూసేవాడో ఇప్పుడు తెలిసింది. ఆయన లుండె ఇదో, ఇంకోటో, నాకు ఇక పట్టింపు లేదు.

నిన్న సున్నివ ఇంటికి వచ్చింది. తలుపులన్నీ ధడేలున వేస్తోంది. ఎవరో అమెరికా అబ్బాయికి వాళ్ల అత్తతో ఒక నిజం చెప్పే ధైర్యం లేదట. ఆ అత్తని నేనేనని తెలిసి నా వైపు ఒక చూపు చూసింది. నాకు పిల్ల నచ్చింది.

టికెట్టు మార్చుకుని ఇటు రా. ఆమెతో ఏం చెప్పుకుంటావో అది నీ పని, నేను మధ్యలోకి రాను.

దీవెనలతో
తోరా అత్త

తా.క.: చుట్టాలింటికి వెళ్తున్నానని చర్చిలో లేచి నిలబడి చెప్పి వచ్చాను. అక్కడ నేను అబద్ధం ఆడే మనిషిని కాను. నేను తిరిగి వెళ్లేలోపు ఆ మాట నిజం చెయ్యడం నీ బాధ్యత.