అక్క గొంతు

3 మార్చి
అక్క ఆపరేషన్ ఆరో తారీఖున. కడుపులో గడ్డ. నేను పనిచేసే థియేటర్లోనే. మత్తు డాక్టరు పక్కన ట్యూబులు, మిషన్లు చూసుకునే టెక్నీషియన్ని నేను. అక్క పందొమ్మిదేళ్లుగా బస్టాండులో అనౌన్సర్. కడుపు ఎన్ని ముక్కలైనా చేసుకోండి గానీ నా గొంతు జోలికి మాత్రం రావద్దని మీ డాక్టరుతో చెప్పరా, అంది. నవ్వేశాను.

4 మార్చి
నవ్వినందుకు సిగ్గుగా ఉంది. ఆపరేషన్ తర్వాత గొంతు మంట అన్న ప్రతివాళ్లకీ, రెండు రోజుల్లో తగ్గిపోతుంది లెండి అని చెప్పి తప్పుకున్నాను. శ్వాస ట్యూబు చివర గొంతులో ఉబ్బే బుడగ ఉంటుంది. గాలి ఎక్కువైతే లోపల ఒరుసుకుపోతుంది. ఇన్నాళ్లూ దానికి కలిపి బయట ఉండే చిన్న బుడగని వేళ్లతో నొక్కి చూసి, చాల్లే అనుకునేవాళ్లం. కొలిచే మీటరు బీరువాలో దుమ్ము కొట్టుకుపోయి ఉంది. తీసి తుడిచాను. సన్న ట్యూబు వేయమని డాక్టరుని అడిగాను. మీ అక్క కదా, అలాగే, అన్నాడు. మిగతావాళ్లు ఎవరికీ అక్కలు కారా? ఆ మాట పైకి అనలేదు.

6 మార్చి, మధ్యాహ్నం
అంతా పద్ధతిగా చేశాం. గొంతు మండకుండా అక్క ముందే మందుతో పుక్కిలించింది. సన్న ట్యూబు మొదటిసారికే మెత్తగా దిగింది. మీటరు ఇరవై నాలుగు, సరిగ్గా ఉండాల్సినంతే. పావుగంటకోసారి చూశాను. మూడు గంటలు పడుతుందన్నారు. నలభై నిమిషాలకే సర్జన్ చేతులు ఆగిపోయాయి. అంతటా పాకింది, కుట్టేద్దాం, అన్నాడు. ఎటు చూడాలో తెలియక మళ్లీ మీటరు చూశాను. ఇరవై నాలుగు.

6 మార్చి, సాయంత్రం
అక్కకి పూర్తిగా మెలకువ వచ్చింది. గొంతు ఎలా ఉందన్నాను. ఇసుమంత నొప్పి కూడా లేదురా నా బంగారం, అంది. గంట కొట్టినట్టుంది ఆ గొంతు. ఆ గొంతుతోనే, గడ్డ మొత్తం తీసేశారా, అని అడిగింది. సర్జన్ వచ్చి చెప్తారన్నాను.

7 మార్చి
కేస్ షీట్లో నా చేత్తో రాశాను: గొంతు నొప్పి లేదు.

9 మార్చి
సర్జన్ చెప్పేశాడు. అక్క ఏడవలేదు. ఆయన వెళ్లాక, నీకు ఆ రోజే తెలుసుగా, అంది. తలూపాను. మూడు రోజులు ఒక్కడివే మోశావా పిచ్చి వెధవా, అని నా తల దగ్గరికి లాక్కుంది. ఎంతసేపు ఏడ్చానో తెలియదు.

22 ఏప్రిల్
అక్క డ్యూటీకి వెళ్తోంది. రోజుకి రెండు గంటలే. వీపు వెనక దిండు పెట్టుకుని కూర్చుంటోంది. థియేటర్లో ఇప్పుడు ప్రతి పేషెంటుకీ మీటరు పెడుతున్నాను. డాక్టరు ఏమీ అనడం లేదు.

11 జూన్
అక్క పొద్దున పోయింది. నిన్న కూడా మాట స్పష్టంగానే ఉంది. తిన్నావా, అని అడిగింది. తిన్నానన్నాను.
తినలేదు.