నా పేరు చలిజ్వరం

జూలై 8

ఆయా నవ్వలేక చచ్చింది ఈ రోజు. గర్భిణుల ఓపీలో నాకో పేరు పెట్టారట. చలిజ్వరం. నన్ను చూస్తేనే వణుకు పుడుతుందట, అందుకని. అదిగో చలిజ్వరం వస్తోందని లైన్లో ఒకరినొకరు గిల్లుకుంటారట.

కోపం రావాలి. రాలేదు. వణకనీ. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి. బరువు, బి.పి., ఐరన్ మాత్రలు అయ్యేసరికే మధ్యాహ్నం దాటుతోంది. ఒక్కొక్కరి కష్టసుఖాలు వింటూ కూర్చుంటే ఇక తెల్లారినట్టే.

జూలై 15

డాక్టరమ్మ కూడా నన్ను చూసి ముసిముసిగా నవ్వింది. ఆవిడ చెవిలో ఎవరు ఊదారో!

జూలై 22

ఎంత పొగరు! కుట్టుమిషన్ పని చేసే పిల్ల, తొలిచూలు, ఏడో నెల. ఇంత ఉక్కలో దుప్పటి కప్పుకుని వచ్చింది. తన వంతు రాగానే నా మొహంలోకి చూసి, సిస్టర్, చలిజ్వరం అంది. అంతే. లైన్ లైనంతా గొల్లుమంది.

నా వెనక ఏమన్నా పడ్డాను. మొహం మీదే అంటుందా? ఇంకోసారి ఆ మాట నోట వస్తే పళ్ళు రాలగొడతానన్నాను. ఏదో చెప్పబోతే నోరు మూసుకుని లైన్ చివరికి పొమ్మన్నాను. దాని వంతు మళ్ళీ వచ్చేలోపు ఓపీ టైం అయిపోయింది.

ఆగస్టు 5

కుట్టుమిషన్ పిల్లకి బుద్ధొచ్చింది. ఏం లేదుగా అని అడిగితే, తల దించుకుని, ఏం లేదు సిస్టర్ అంది. మొహం పాలిపోయి ఉంది. సరిగ్గా తినదు కాబోలు. బి.పి. చూద్దామని చెయ్యి పట్టుకుంటే, చల్లటి చెయ్యి, గజగజ వణికింది.

లోపల్లోపల నవ్వుకున్నాను. పేరు నిలబెట్టుకున్నాను మరి.

ఆగస్టు 11

ఆ పిల్లని ఆటోలో తెచ్చారు. కడుపులో కదలిక లేదట. ఒళ్ళు కాలిపోతోంది. రక్తం చుక్క పరీక్ష కార్డు మీద వేస్తే కాసేపటికే గీత తేలింది. మలేరియా.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని డాక్టరమ్మ అరిచింది. పిల్ల తల్లి చేతులు కట్టుకుని చెప్పింది. మొదట్లోనే చెప్పిందంటమ్మా, సిస్టరమ్మ పళ్ళు రాలగొడతానందంట, ఆస్పత్రిలో ఆ మాట అనకూడదేమో అనుకుందంట పిచ్చిది.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. గోడ మీద దోమ బొమ్మ. చలిజ్వరం వస్తే వెంటనే సిస్టర్‌కు చెప్పండి.

ఆగస్టు 12, ఉదయం

మగపిల్లాడు. చనిపోయి పుట్టాడు. గుడ్డలో చుట్టి నేనే అమ్మమ్మ చేతికిచ్చాను. ఏడుపు రాలేదు. ఉద్యోగం పోతుందేమోనని భయమేసింది. ముందు అదే వచ్చింది, ఏం చెయ్యను?

ఆ పిల్ల బతుకుతుంది. కళ్ళు తెరిచి నన్ను చూసి, తప్పైపోయింది సిస్టర్, ఇంకెప్పుడూ అనను అంది.

ఆగస్టు 19

లైన్లో అందరినీ అడిగాను. చలి ఉందామ్మా, జ్వరం ఉందామ్మా అని, మెత్తగానే. ఏం లేదు సిస్టర్ అన్నారు, అందరూ.

ఆగస్టు 26

నా పేరు మార్చారట. ఏమిటని అడిగితే ఆయా చెప్పడం లేదు.