నువ్వు విప్పి చూసిన బోల్టు

చిట్కుల్,
12-10-2025.

చిరంజీవి తమ్ముడు అనిల్‌కు,

మీ అక్క దేవమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ అంతా క్షేమమని రాయడానికి చెయ్యి రాలేదు. ఆ గోవాలో నువ్వు వేళకు ఇంత తినేలా చూడమని ఏడుపాయల దుర్గమ్మకు మొక్కుకుని మొదలుపెడుతున్నాను.

ఫోన్ చేయక ఉత్తరమెందుకు అనుకుంటావేమో. రేకుల ఇల్లు కదా, ఒక గదిలో మాట ఇంకో గదిలో వినిపిస్తుంది. మీ బావ ఎక్కువగా ఇంట్లోనే ఉంటున్నాడు. పొద్దున ఇస్నాపూర్ షెడ్డుకు పోతాడు, లేత్ మిషన్ ముందు కాసేపు కూర్చుంటాడు, వచ్చేస్తాడు. దసరాకు దానికి బొట్టు కూడా పెట్టనివ్వలేదు. బతుకమ్మ రోజుల్లో ఆడవాళ్లు మన వాకిలి దగ్గరికి రాగానే చప్పట్లు మెల్లగా కొట్టి పాట తగ్గించుకున్నారు. పాటకంటే అదే నన్ను ఎక్కువ ఏడిపించింది.

కార్తీక బహుళ పంచమికి శ్రావణ్ సంవత్సరీకం. మేనమామవు నువ్వు లేకుండా నా కొడుక్కి ఆ కార్యం ఎట్లా చేయను? నిన్ను పిలుస్తానని మీ బావను అడిగాను. రమ్మను, పదిమంది ముంగట నిలబడి నేను పడవను సక్కగ చూడకనే పోరడు పోయిండని ఒప్పుకొమ్మను, గప్పుడే గడప తొక్కనిస్త అన్నాడు. మా ఆడబిడ్డ మొగులమ్మ అక్కడే ఉంది. గాయనెందుకొస్తడు, తనకు ఈతొచ్చె, బయటపడె, పిల్లగాన్ని ఇడిచిపెట్టె అన్నది. నేను అన్నం చూసే నెపంతో లోపలికి పోయాను.

నువ్వు వాణ్ని విడిచిపెట్టలేదని నాకు తెలుసు. సముద్రంలో నీ పడవ అడుగున కీల్ ఊడి తిరగబడ్డప్పుడు వాడు లోపలి గదిలో ఉన్నాడని, నువ్వు నీళ్లలో మునిగి ఆ తలుపు లాగుతూనే ఉంటే నిన్ను బలవంతంగా పైకి లాగామని, ఆ రోజు కాపాడిన చేపలవాళ్లే చెప్పారు. ఆ మాట ఇక్కడ ఎవరి చెవికీ ఎక్కదు.

తెరచాప పడవ గాలికి ఎంత ఒరిగినా మళ్లీ నిలబడేది అడుగున ఉన్న కీల్ అనే ఇనుప దిమ్మ బరువు వల్లనేనని, ఆ దిమ్మను పడవకు పట్టి ఉంచేవి బోల్టులేనని నువ్వు చెబితేనే నేను నేర్చుకున్నాను. పడవ పాతది, బోల్టులన్నీ మార్చాలని నువ్వన్నావు. అంతకు కొద్ది రోజుల ముందే శ్రావణ్ బొల్లారం మందుల కంపెనీ పని మానేసి పడవ పనికి నీ దగ్గరికి వస్తానన్నాడు. మొదట వాణ్ని కొట్టబోయిన మీ బావే, నా కొడుకెక్కే పడవకు బయటి బోల్టులెందుకు, నేనే చేసిస్త అన్నాడు. ఎంత నున్నగా చేశాడో! శ్రావణ్ ఒకటి చేతిలోకి తీసుకుని, బాపూ, గిండ్ల మొఖం చూసుకోవచ్చు అని నవ్వాడు. నేను పసుపు రాసి మూట కట్టాను.

మరుసటి ఏడు వానాకాలంలో పడవను ఒడ్డుకెక్కించి నువ్వేం చేశావో మొన్నటి ఉత్తరంలో రాశావు. నట్లన్నీ సుత్తితో తట్టి చప్పుడు విన్నానని, కీల్ అతుకు దగ్గర తుప్పు నీళ్ల చార ఎక్కడా కనబడలేదని, అయినా నమ్మకం చాలక ఒక బోల్టు పూర్తిగా విప్పి తీస్తే కొత్తదానిలాగే ఉందని రాశావు. అక్కా, నేను చూసిన, నా పని నేను చేసిన అని మళ్లీ మళ్లీ రాశావు.

మీ బావ ఇది నమ్మడు. నువ్వు తెచ్చిచ్చిన విరిగిన బోల్టుకు అయస్కాంతం పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు. చూడుండ్రి, అంటుకుంటలేదు, సామాను అసలుదే, చూసేటోడే చూడలే అంటాడు. ఇనుప దుకాణాల్లో మంచి స్టీలుకు గుర్తు అదే కదా, అందరూ తలూపుతారు.

తమ్ముడూ, నువ్వు రావాలి. ఆయన అడిగిన ఆ ఒక్క మాట అనేసెయ్యి. ఎందుకని అడగకు. అక్క కోసం అనుకో.

నీ కోసం వాకిలి చూస్తూ,
నీ అక్క,
దేవమ్మ

తా.క.: ఉత్తరం మడిచి దేవుడి ముందు పెట్టాను. నిజం దాచి నీ చేత అబద్ధం చెప్పించడం పాపమనిపించి మళ్లీ విప్పాను.

నీ ఉత్తరం వచ్చాక, మీ బావ లేనప్పుడు ఆ బోల్టు ముక్కను పక్కింటి రవళికి ఇచ్చాను. ఆ పిల్ల పనిచేసే కంపెనీలో ఏ లోహంలో ఏముందో చూపే మిషన్ ఉంది. సముద్రపు ఉప్పుకు తట్టుకునే సరుకు కాదట అది. చవక రకం స్టీలు కూడా ఒక్కోసారి అయస్కాంతానికి అంటుకోదు పెద్దమ్మా అని, నా చెయ్యి పట్టుకుని చెప్పింది. అప్పుడు గుర్తొచ్చింది. ఒక దుకాణంలో కడ్డీ సరిపోక, మిగతా బోల్టులకు మీ బావ ఇంకో దుకాణంలో కొన్నాడు. అక్కడా అయస్కాంతం పెట్టి చూసే కొన్నాడు. నువ్వు విప్పి చూసిన బోల్టు మంచి కడ్డీది. మిగతావి పైకి మెరుస్తూ, అతుకు లోపల ఎవరికీ కనబడకుండా తరిగిపోయాయి.

నీ తప్పు లేదు. ఇది నీకు తెలియాలి. ఆయనకు తెలియకూడదు. తన చేత్తో చేసినదే కొడుకును తీసుకుపోయిందని తెలిస్తే ఆయన బతకడు. నీ మీద కోపం ఒక్కటే ఇప్పుడు ఆయనను పొద్దున నిద్రలేపుతున్నది. కొడుకు పోయాడు, భర్తనైనా నాకు మిగల్చమని అడుగుతున్నాను. రాలేనంటే నేనేమీ అనుకోను. ఇది అడగరాని కోరిక.

వస్తే మాత్రం, ఆ మాట అనేటప్పుడు ఆయన వైపు చూసి అను. నా వైపు చూడకు తమ్ముడూ. చూశావంటే, నేనే అందరి ముందు నిజం చెప్పేస్తాను.