ఆయిల్ ప్రెషర్ లైటు

నాచారం,
ఆదివారం

చిరంజీవి మహిపాల్‌ను నాయిన దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, చెల్లె, నేను క్షేమం. అంత దూరాన, అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో రోడ్డు వేసే క్యాంపులో, నువ్వూ వేళకు తింటూ క్షేమంగా ఉన్నావనుకుంటున్నాం. నీ ఉత్తరం పదకొండు రోజులు తిరిగి తిరిగి మొన్న మంగళవారం చేరింది. సిగ్నల్ దొరికినప్పుడు నువ్వు ఫోన్ చేస్తూనే ఉంటావు గానీ, "తిన్నవా?" "తిన్న" అన్న తర్వాత మనిద్దరికీ మాట దొరకదు. ఉత్తరంలో మాత్రం నాలుగు పేజీలు రాశావు. మీ అమ్మ మూడు పేజీలు రెండేసి సార్లు చదివించుకుంది. నాలుగో పేజీ నేను ఆమెకు చదవలేదు.

ఆ పేజీలో నువ్వు, వచ్చే నెల ఇరవైన కోర్టుకు వచ్చి, ఆ రోజు బండిలో నీ పక్కన కూర్చున్న నరేందర్ చావుకు నీ నిర్లక్ష్యమే కారణమని ఒప్పుకుంటానని రాశావు. దాని కింద నన్నొక ప్రశ్న అడిగావు. దానికి జవాబు రాయడానికే ఈ కాగితం పట్టుకున్నాను. కానీ మీ నాయిన సంగతి నీకు తెలుసు కదా, బోల్టు బిగుసుకుంటే ముందు చుట్టూ నూనె పోసి కాసేపు కూర్చునే రకం. కాబట్టి మిగతావి ముందు రాస్తాను.

నా మోకాలు అలాగే ఉంది. ఉప్పల్ దవాఖానాలో డాక్టరు కింద కూర్చోవద్దన్నాడు. బండి కింద పడుకోవచ్చా అని అడిగితే కోపగించుకున్నాడు. చెల్లె హరిత డిప్లొమా రెండో ఏడాదిలోకి వచ్చింది. రోజూ ఘట్‌కేసర్ బస్సులో నిలబడి పోయి నిలబడి వస్తుంది, అయినా నోటికి విశ్రాంతి లేదు. నువ్వు పంపిన ఉన్ని టోపీ మీ అమ్మ ఈ ఎండల్లో కూడా ఒకసారి పెట్టుకుని అద్దంలో చూసుకుంది.

ఇక మీ క్యాంపు ఇంజనీరు గారు అడిగిన పికప్ సంగతి. రెండు బండ్లు చూశారని రాశావు. ఒకటి కొత్తది, మూడు లీటర్ల ఇంజను, అంతా కంప్యూటరు. రెండోది పన్నెండేళ్ల పాతది, రెండున్నర లీటర్లు, పంపు నుంచి నాజిల్ దాకా అంతా చేత్తో పట్టుకుని చూడగలిగే ఇంజను. ఏది బలమైనది, ఏది నమ్మకమైనది అన్నది వారి ప్రశ్న.

హార్స్ పవర్ అంకె చూసి మురిసిపోవద్దని సారుకు చెప్పు. అది ఇంజను నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగితే వచ్చే బలం. మీ కొండ మీద, రెండు టన్నుల ఇనుముతో, బురదలో నిలిచిన బండి కదలాల్సింది పదిహేను వందల చుట్ల దగ్గర. అక్కడ ఎంత లాగుతుందో చూడాలి. గుర్రం పరుగు వేరు, ఎద్దు లాగుడు వేరు. పైగా మీ దగ్గర గాలి పలుచన. గాలిని లోపలికి తోసే టర్బో లేని పాత ఇంజను అక్కడ నల్ల పొగ కక్కుతూ ఆయాసపడుతుంది. కాబట్టి బలం విషయంలో కొత్తదే గెలుస్తుంది.

నమ్మకం దగ్గర మాత్రం లెక్క మారుతుంది. కొత్త ఇంజనుకు డ్రమ్ములో నిలవ ఉన్న డీజిల్ పడదు. అందులో చుక్క నీరున్నా ఇంజెక్టర్లు పోతాయి, రోజూ పొద్దున ఫిల్టరు కింది బిరడా విప్పి నీళ్లు వదలాలి. సైలెన్సరులో మసి పట్టే ఫిల్టరు ఒకటుంటుంది, వారానికొకసారైనా బండిని వేడెక్కేలా దూరం నడపకపోతే అది పూడిపోతుంది. ప్రతిదానికీ లైటు వెలిగిస్తుంది. పట్టించుకోకపోతే తనంతట తనే బలం తగ్గించుకుని నత్తలా పాకుతుంది. పాతది అలా కాదు, ఏం పోసినా తాగుతుంది, నోరెత్తదు. నేను ఇన్నేళ్లూ టీ కొట్టు దగ్గర, పాత ఇంజను మంచి కోడలి లాంటిది, మాటకు మాట చెప్పదు అనేవాణ్ణి. మీ అమ్మ వింటే చీపురు అందుకునేది.

నువ్వు కొత్తదే కొనమని చెప్పు. నోరున్న ఇంజనే కొనమని చెప్పు. ముప్పై ఏళ్లు పాత ఇంజన్లను పొగిడిన పరంధామయ్య ఈ మాట ఎందుకంటున్నాడో కింద రాస్తున్నాను.

నేను షెడ్డులో ఎవరితోనో మాట్లాడుతున్నానని అమ్మ ఫోనులో చెప్పిందని రాశావు. నిజమే. పొద్దున తొమ్మిదింటికి, నేను టీ గ్లాసు పట్టుకుని కూర్చోగానే, గేటు పక్క నుంచి "మామా" అని వినిపిస్తుంది. నరేందర్ గొంతు. నేను తల ఎత్తను. గేటు దగ్గర ఎవరూ ఉండరని నాకు తెలుసు. అయినా "చెప్పు బిడ్డా" అంటాను. అదే మీ అమ్మ విన్నది.

ఇంకొకటి ఆమె వినలేదు. ఆ రోజు ప్రమాదమైన మన సరుకుల బండి ఇంజను షెడ్డు మూలన టార్పాలిన్ కింద ఉంది. పాత ఇనుము వాళ్లకు ఇచ్చెయ్యమని అమ్మ పోరుతుంది, నా వల్ల కావడం లేదు. దూరం తిరిగొచ్చిన ఇంజను ఆపితే చల్లారేటప్పుడు టిక్కు టిక్కుమంటుంది కదా. రెండేళ్లుగా చల్లబడి ఉన్న ఆ ఇనుము మధ్యాహ్నం రెండింటికి అలాగే చప్పుడు చేస్తుంది. మొదట ఎలుక అనుకున్నాను. టార్పాలిన్ తీసి చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది. చెయ్యి తీయకముందే మళ్లీ టిక్కుమంది. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు, కానీ ఆ రోజు షెడ్డు తలుపు వేయకుండానే రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను.

నరేందర్ వాళ్లమ్మ ఉప్పలమ్మ, పచ్చళ్ల ఫ్యాక్టరీలో పనికి మన షెడ్డు ముందు నుంచే పోతుంది. పోయినప్పుడల్లా నీ గురించి అడుగుతుంది. "మహిపాల్ మంచిగున్నడా అన్నా? గా కొండల పొంటి ఏం తింటున్నడో ఏమో. నేనేమనుకుంటలేనని రాయి. లైటు సూస్కోలేదని గప్పుడే నా కాళ్లు వట్కొని ఏడ్సిండు. పిల్లలు, ఏమెరుక?" అంటుంది. నేను తలకాయ ఊపుతాను. ఆమె దాటి పోయేదాకా పానా పట్టుకున్న చెయ్యి కదలదు.

ఇక నాలుగో పేజీ. నువ్వు రాసిన మాటలే రాస్తున్నాను. "నాయినా, ఇంజను పట్టేసిందంటే ఆయిల్ ప్రెషర్ పోయి ఉండాలి. పోతే ఎర్ర లైటు వెలగాలి. నేనూ నరేందరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నాం, లాలాపేట్ ఫ్లైఓవర్ ఎక్కేశాం. మధ్యాహ్నం రెండింటికి, దిగుడు మొదలవుతుండగా ఠప్పుమని ఆగింది. బ్రేకు రాయిలా అయిపోయింది, స్టీరింగు తిరగలేదు, నరేందర్ వైపు గోడకు గుద్దుకుంది. నవ్వుతూ నేను లైటు చూడలేదా? రెండేళ్లుగా కళ్లు మూసుకుని ఆ మీటరు బోర్డు చూస్తున్నాను. ఒకరోజు లైటు వెలుగుతుంది, ఒకరోజు వెలగదు. బండి నీ చేతికి వచ్చింది కదా, నీకేమైనా తెలుసా?"

తెలుసు.

ఆ ఇంజను నీ కోసం నేనే కట్టాను. పాత బండి కొని, పిస్టన్లు, బేరింగులు అన్నీ కొత్తవి వేసి, నువ్వు సొంతంగా బతకాలని ఇరవై రోజులు కూర్చుని కట్టాను. అది రోడ్డెక్కి నెల కూడా కాలేదు. ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి నువ్వు బీరువాల సేటుతో ఫోనులో మాట్లాడుతూ రోడ్డు అవతల ఉన్నావు. ఇంజను స్టార్టులో ఉంది. నరేందర్ దిగి వచ్చి గేటుకు ఆనుకుని నిలబడ్డాడు.

"మామా, గా ఎర్ర లైటు జర మెరుస్తున్నదే. స్లోల వస్తది, రేస్ ఇస్తే పోతది" అన్నాడు.

నాకు రోషం వచ్చింది. "నేను కట్టిన ఇంజన్రా ఇది. నెల గూడ కాలే, అప్పుడే రోగమా? గా లైటుకే పిచ్చి లేసింది" అన్నాను. ప్రెషరు చూసే గేజీ నా పెట్టెలోనే ఉంది. బిగించి చూడటానికి పది నిమిషాలు చాలు. నేను బండి కింద చెయ్యి పెట్టి, ఆ లైటుకు పోయే వైరును ఊడబీకాను. లైటు ఆరిపోయింది.

"అయిపాయె పో. బీరువలు జల్ది ఎక్కియ్యుండ్రి" అన్నాను.

"గంతేనా మామా?" అన్నాడు నరేందర్. బాగుచేశాననుకుని నవ్వుకుంటూ ఎక్కాడు.

లైటు వెలగలేదు మహిపాల్. వెలిగే దారి నేనే తెంపాను. నువ్వు నవ్వినా, ఏడ్చినా, దాన్నే చూస్తూ నడిపినా అది వెలిగేది కాదు.

నలభై రోజుల తర్వాత పోలీసు స్టేషన్ నుంచి బండి వచ్చాక, అడుగున ఆయిలు చాంబరు విప్పాను. ఆయిలు పీల్చే జాలీ నిండా ఎర్రటి పేస్టు ముక్కలు. చాంబరు బిగించేటప్పుడు ఆ పేస్టు ఎక్కువ రాస్తే లోపలికి పిండుకుని, ఎండి, ముక్కలై జాలీని మూస్తుందని నీకు నేర్పినవాణ్ణి నేనే. కారకూడదన్న ఆరాటంలో ఎక్కువ రాసిందీ నేనే. లైటుకు పిచ్చి లేదు. అది నిజం చెప్పింది, నరేందర్ నిజం చెప్పాడు. నా చేతి పనికి వంక పెడతారా అని నేను ఇద్దరి నోళ్లూ మూశాను.

ఎందుకు చెప్పలేదంటే ఏం రాయను? దవాఖానాలో పోలీసు అడిగినప్పుడు నువ్వు "నేనే నడిపిన సార్" అన్నావు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిచాను కూడా. పరంధామయ్య చెయ్యి పడితే ఇంజను పదేళ్లు చూసుకోనక్కర్లేదని నాచారమంతా అంటుంది, ఆ పేరు గుర్తొచ్చి మళ్లీ మూసుకున్నాను. పేరు కోసం కన్నకొడుకు మీద కేసు నడవనిచ్చాను. నువ్వు స్టీరింగు ముట్టనని శపథం పట్టి కొండల్లోకి పోతుంటే సికింద్రాబాదులో రైలెక్కించి వచ్చాను. సిగ్గుగా ఉంది బిడ్డా. నీ ముందు నిలబడి చెప్పే ధైర్యం ఈ రోజుకీ లేదు, కాగితం మీద చెబుతున్నాను.

నీ ఉత్తరం వచ్చిన మూడో రోజు ఉప్పల్ వెళ్లి మన వకీలు రామచంద్రరావు గారికి అంతా చెప్పి, రాసిచ్చి సంతకం పెట్టాను. "నీ మీదికి వస్తది పరంధామయ్యా, తెలిసే ఇస్తున్నవా?" అన్నాడు. తెలిసే ఇచ్చాను. ఆ సాయంత్రం మీ అమ్మకు చెప్పాను. ఆమె అన్నం పెట్టి అవతలికి పోయింది. ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు.

నిన్న ఉప్పలమ్మ ఇంటికి పోయాను. ఆమె గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. నిలబడే చెప్పాను. చేట పక్కన పెట్టి మొత్తం విన్నది.

"లైటు సంగతి వాడు నీకు జెప్పిండా?" అని అడిగింది.

"చెప్పిండు."

"నువ్వేమన్నవ్?"

అన్న మాటే చెప్పాను. చాలాసేపు నా చేతుల వంక చూసింది. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"నా కొడుకు ఒక్కపారే సచ్చిండు పరంధామన్నా" అంది. "నీ కొడుకును రెండేండ్ల సంది రోజూ సంపుతున్నవ్ గదనే."

ఆమె లేచి, "మహిపాల్‌ను రమ్మని రాయి. నువ్వు మల్ల నా గడప తొక్కకు" అని తలుపు వేసుకుంది.

ఇరవైకి రెండు రోజుల ముందే దిగేలా బయలుదేరు. కోర్టులో నేరం ఒప్పుకోకు, అది ఒప్పుకోవలసిన మనిషి నీకంటే ముందే వచ్చి అక్కడ నిలబడి ఉంటాడు. స్టేషన్ నుంచి నేరుగా ఉప్పలమ్మ దగ్గరికి పో. మన ఇంటికి తర్వాత, నీకు రావాలనిపిస్తేనే రా.

ఇట్లు,
నీ నాయిన
పరంధామయ్య