గులకరాళ్ళలో గుడ్లు

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసాగానే ఉన్నాం. ఆసుపత్రిలో ఆ నైట్ డ్యూటీలతో నువ్వు వేళకు తింటున్నావో లేదో అన్నదే మా బెంగ.

నువ్వడిగిన వాటికి జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. కుట్టుమిషన్ ఎవరికీ ఇవ్వలేదు, గది నిండా ఇంకా గుడ్డముక్కలే. మడుగు దగ్గరికి రోజూ వెళ్తున్నాను. "ఆ బురదలో ఏముందని?" అంటూ మీ నాన్న వేళాకోళం. నీటికోడి పిల్లల్ని వెంటేసుకుని రెల్లులోకి జారుకుంటుంది. కొంగ జపం సంగతి తెలిసిందే, చేప కనబడేదాకా! తాబేళ్ళు దుంగ మీద ఎండ కాచుకుంటాయి. అవన్నీ స్థిమితంగానే ఉన్నాయి, నాకే కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తోచదు.

నల్లోడెలా ఉన్నాడని కిందటి ఉత్తరంలోనూ అడిగావు, దాటవేశాను. నువ్వు వానలో ఒళ్ళో దాచుకుని తెచ్చిన కుక్కపిల్ల ఇప్పుడు మనింట్లో లేదమ్మా. కంగారుపడకు, క్షేమంగానే ఉన్నాడు.

మడుగు ఒడ్డున గులకరాళ్ళలో తీతువు గుడ్లు పెట్టింది. గూడంటూ ఉండదు, రాయేదో గుడ్డేదో పోల్చుకోలేం. నల్లోడు నా చేతిలో తాడు విదిలించుకుని అటే పరిగెత్తాడు. తీతువు రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ వాణ్ణి పక్కకు మళ్ళించాలని చూసింది. వాడు మళ్ళలేదు. నేను చేరేసరికి మూతి నాకుతున్నాడు. ఆ పక్షి మా తలల మీద అరుస్తూ తిరుగుతూనే ఉంది.

"రుచి మరిగాడు పిన్నిగారూ, ఇంక కట్టేసినా ఆగడు" అన్నాడు మడుగు కాపలాదారు. అన్నట్టే అయింది. తాడు కొరుక్కుని పోయి, ఈసారి నీటికోడి పిల్లను తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు, మెచ్చుకుంటానని. చెయ్యెత్తాను గానీ, అలా తోకాడిస్తుంటే ఎలా కొట్టను?

మీ పెద్దమ్మ ఇంటికి ఎత్తైన ప్రహరీ ఉంది కదా, అక్కడ వదిలేసి వచ్చాను.

"పిల్లనో మాట అడక్కుండానా?" అని మీ నాన్న మండిపడ్డారు.

"అడిగితే వద్దంటుంది. అందుకే అడగలేదు."

అప్పట్నుంచీ ఆయన ముభావంగానే ఉన్నారు.

తీతువు మళ్ళీ గుడ్లు పెట్టింది. నిన్న పిల్లలు బయటికొచ్చాయి. పుట్టీ పుట్టగానే పరుగే! మీ నాన్నను బలవంతాన లాక్కెళ్ళి చూపించాను. ఒడ్డున గొంతుక్కూర్చుని వాటినే చూశారు. చివరికి, "బాగానే ఉన్నాయి. అయినా వాడు వాడే" అన్నారు.

నల్లోడు తిండి బాగానే తింటున్నాడట. గేటు చప్పుడైతే మాత్రం ఎక్కడున్నా పరిగెత్తుకొస్తాడట.

చేసింది మంచో చెడో తేలక వంటింటికీ వీధిగుమ్మానికీ తిరుగుతున్నాను. తిట్టాలనిపిస్తే తిడుతూనే రాయి తల్లీ. పోస్ట్‌మాన్ మన గుమ్మం దాటిపోతే మాత్రం ఓర్చుకోలేను.

ఇట్లు,
నీ అమ్మ