పారబోసిన పసుపు

అక్కా,

ఇవాళ నీ సంవత్సరీకం. మన ఊరు తాండూరు రాలేకపోయాను. హైదరాబాదులో, నికెల్‌ను గట్టిగా పట్టుకునే అణువు కోసం ప్రయోగశాలలోనే ఉన్నాను.

పోయినేడు వికారాబాద్ క్షయ దవాఖానలో నీ మంచం పక్కన కూర్చుంటే, ప్రతి ఆదివారం అడిగేదానివి: "నీ నికెల్ నీళ్లకు రంగు తిరిగిందా తమ్మీ?"

"ఊదా కావాలె అక్కా, పసుపైంది. పాడైందని పారబోసిన."

"ఫికర్ చెయ్యకు, మల్ల కలుపు" అన్నావు, దగ్గుతూ. అదే ఆఖరి ఆదివారం.

ఇవాళ మళ్ళీ కలిపాను. మళ్ళీ పసుపే. ఈసారి పారబోయకుండా ఆమ్లం పోసి చూశాను; పట్టు లేకుంటే ఆమ్లానికి రంగు పోతుంది. రంగు చెక్కుచెదరలేదు. నాలుగు నత్రజనులున్న వలయంలాంటి అణువు నికెల్‌ను నడుమ పెట్టుకుని వదలడం లేదు. పట్టు కుదిరిందనడానికి నేననుకున్న ఊదా కాదు, ఆ పసుపే గుర్తు.

నువ్వుండగానే అయిందక్కా. కాలేదని చెప్పి పంపించాను నిన్ను.

నీ తమ్ముడు