ఏనుగుపిల్ల ఉల్టా కథ

డానియేలు అన్నా,

మా బిడ్డ అలీనాకు నువ్విచ్చిన బొమ్మల పుస్తకం మస్తుగుంది, గానీ ఇంట్ల ఎవ్వరికీ నిద్ర లేదు! అందుల అక్షరాలు లేవు కదా, రాత్రి పండుకునేటప్పుడు కథ చెప్పేటందుకు మా అమ్మీ, అంటే అలీనా దాదీ, ఉర్దూ కితాబ్ లెక్క వెనక అట్ట నుంచి తెరిచింది. ఇగ ఏనుగుపిల్ల ముందుగాలనే దుప్పటి కప్పుకొని గుర్రు పెడ్తది. తర్వాత లేస్తది, తానం చేస్తది, తింటది, ఆఖరికి బజార్ల డోలు కొట్టుకుంట ఎగుర్తది. అలీనా గూడ మంచం మీద ఎగురుడే!

"అమ్మీ, ఉల్టా చెప్తున్నవ్" అన్న.

"కితాబ్ తెరుసుడు నాకు నేర్పుతవారా?" అని కసిరింది.

నేను సీదా చెప్పబోతే అలీనా, "అబ్బా, నీకు కథ రాదు, దాదీని పిలువు" అన్నది.

నిన్న దుకాణంల గాజులు తొడుగుకుంట ఒకామె చెయ్యి పట్టుకునే కునుకు తీసిన. ఆమె మొగడు చేసిన లొల్లికి లాడ్ బజార్ అంత జమైంది!

అమ్మీని మార్చుడు నాతోని కాదు. పండుకున్న కోడి లేచి కూసే బొమ్మల పుస్తకం ఏదన్న ఉంటే జల్ది పంపు అన్నా. అమ్మీ చదివితే ఆ కోడి పండుకుంటది, అలీనా పండుకుంటది, నేను గూడ పండుకుంట.

నీ గాజుల దుకాణం తమ్ముడు